స్టెర్న్‌డ్రైవ్‌లో షిఫ్ట్ కేబుల్, బెలోస్ మార్చడం ఎలా?

"గేరు లోంచి న్యూట్రల్‌లోకి తెస్తే ఇంజిన్ ఆగిపోతోంది, ఏం చేయాలి?" అని ఒకరు అడుగుతారు. "పడవ అడుగున నీళ్ళు చేరుతున్నాయి, ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలియడం లేదు" అని ఇంకొకరు. రెండు ఫిర్యాదులకూ చాలాసార్లు ఒకే చోట జవాబు దొరుకుతుంది. స్టెర్న్‌డ్రైవ్ అంటే ఇంజిన్ పడవ లోపల, ప్రొపెల్లర్‌ను తిప్పే డ్రైవ్ వెనక గోడ బయట ఉండే ఏర్పాటు. ఆ జవాబు డ్రైవ్‌కూ పడవ వెనక గోడకూ మధ్య ఉండే షిఫ్ట్ కేబుల్, దాని చుట్టూ ముడతలు ముడతలుగా ఉండే రబ్బరు తొడుగులు, అంటే బెలోస్. అడిగినవాళ్ళందరికీ విడివిడిగా చెప్పేకన్నా ఒకసారి వివరంగా రాస్తే నయమనిపించింది.

ఇక్కడ చెప్పేది మెర్‌క్రూయిజర్ ఆల్ఫా వన్ డ్రైవ్ గురించి. 1990 వరకు వచ్చింది మొదటి తరం, 1991 నుంచి వచ్చింది రెండో తరం. చిన్న తేడాలున్నా పని వరస ఒకటే. బ్రావో, వోల్వో పెంటా డ్రైవ్‌లలో గేరు పడే పద్ధతే వేరు. వాటికి ఈ సర్దుబాటు కొలతలు వాడకండి.

ముందు తప్పు ఎవరిదో తేల్చుకోండి

ఆల్ఫా డ్రైవ్‌లో గేరు తీసే క్షణంలో షిఫ్ట్ ప్లేటు మీది చిన్న స్విచ్ ఇంజిన్ ఇగ్నిషన్‌ను ఒక్క లిప్తపాటు ఆపుతుంది. పళ్ళ మీద ఒత్తిడి తగ్గి గేరు తేలిగ్గా ఊడిరావడానికే ఆ ఏర్పాటు. కేబుల్ లోపల తీగ బిగుసుకుపోతే ఆ స్విచ్ వెంటనే వదలదు, ఇంజిన్ పూర్తిగా ఆగిపోతుంది. చాలామంది ఇక్కడ కార్బురేటర్ విప్పి కూర్చుంటారు.

కేబుళ్ళు రెండు. స్టీరింగ్ దగ్గరి లివర్ నుంచి ఇంజిన్ మీది షిఫ్ట్ ప్లేటు వరకు వచ్చేది పై కేబుల్. అక్కడి నుంచి డ్రైవ్‌లోకి వెళ్ళేది కింది కేబుల్. పై కేబుల్‌ను ప్లేటు నుంచి విడదీసి లివర్ కదిపి చూడండి. తర్వాత ఒకరు ప్రొపెల్లర్ తిప్పుతుండగా మీరు కింది కేబుల్ కొనను చేత్తో లాగి, నెట్టి చూడండి. ఏది గట్టిగా, గరగరమంటూ కదిలితే దోషి అదే. పై కేబుల్ అయితే డ్రైవ్ విప్పే పనే లేదు.

ప్రొపెల్లర్ తిప్పకుండా గేరు మార్చే ప్రయత్నం మాత్రం చేయకండి. పళ్ళు ఎదురెదురుగా తగిలినప్పుడు బలం పెడితే బాగున్న కేబుల్ కూడా వంగిపోతుంది.

ఇక బెలోస్ మూడు. పెద్దది యూ-జాయింట్ బెలోస్, ఇంజిన్ నుంచి వచ్చే షాఫ్టు, అది వంగడానికి వీలిచ్చే యూ-జాయింట్‌లు దాని లోపల తిరుగుతాయి. అది చిరిగితే ముందు ఆ షాఫ్టును మోసే గింబల్ బేరింగ్ తుప్పు పడుతుంది, తర్వాత నీళ్ళు పడవలోకి వస్తాయి. చిన్నది షిఫ్ట్ కేబుల్ బెలోస్. చూడ్డానికి వేలంత ఉంటుంది గానీ పడవను ముంచే సత్తా దానికీ ఉంది. మూడోది పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ బెలోస్. అది చిరిగితే పడవ మునగదు. కానీ వేడి పొగ పక్కనున్న యూ-జాయింట్ బెలోస్‌ను తగులుతూ దాన్ని త్వరగా పాడుచేస్తుంది.

నా సలహా ఒక్కటే. డ్రైవ్ ఒకసారి కిందికి దించాక కేబుల్, మూడు బెలోస్ అన్నీ కలిపి మార్చేయండి. ఈ పనిలో శ్రమంతా విప్పడంలోనూ తిరిగి ఎక్కించడంలోనూ ఉంది, రబ్బరు ముక్కలో లేదు.

కావలసినవి

- కింది షిఫ్ట్ కేబుల్ కిట్. కేబుల్ బెలోస్, దాని నొక్కుడు క్లాంపు సాధారణంగా ఇందులోనే వస్తాయి, అయినా డబ్బా విప్పి చూసుకోండి
- యూ-జాయింట్ బెలోస్, ఎగ్జాస్ట్ బెలోస్ లేదా దాని బదులు ఎగ్జాస్ట్ ట్యూబ్, స్టెయిన్‌లెస్ క్లాంపులు
- బెల్ హౌసింగ్ (డ్రైవ్ ముందు వైపు బిగించే భాగం) గాస్కెట్ సెట్, షాఫ్టు ఓ-రింగులు
- బెలోస్ జిగురు, గాస్కెట్ సీలెంట్, థ్రెడ్ లాక్, మెరైన్ గ్రీజు, ఇంజిన్ కప్లర్ (ఇంజిన్‌ను షాఫ్టుతో కలిపే భాగం) పళ్ళకు వేసే గ్రీజు
- హింజ్ పిన్నులు (బెల్ హౌసింగ్‌ను రెండు పక్కలా పట్టి ఉంచేవి) విప్పే ప్రత్యేకమైన హెక్స్ బిట్టు
- షిఫ్ట్ కేబుల్ నట్టు విప్పడానికి పక్కన గాడి ఉన్న సాకెట్
- 5/8 అంగుళాల సాకెట్, టార్క్ రెంచి, పొడవాటి ఎక్స్‌టెన్షన్, క్లాంపు స్క్రూలకు సరిపడే సాకెట్ లేదా స్క్రూడ్రైవర్
- ఇంజిన్ అలైన్‌మెంట్ బార్
- డ్రైవ్‌ను మోసే స్టాండు, లేదా బలంగా ఉన్న ఇంకో మనిషి

ఆ హెక్స్ బిట్టు విషయంలో పొదుపు చూడొద్దు. పిన్ను తల లోపలి అంచులు చెడిపోతే తర్వాత డ్రిల్లు తప్ప దారి లేదు. ఎగ్జాస్ట్ బెలోస్ ఎక్కించడానికీ ఒక ప్రత్యేక ఎక్స్‌పాండర్ పనిముట్టు ఉంది. అది లేకపోతే బెలోస్ బదులు ఎగ్జాస్ట్ ట్యూబ్ వేసుకోండి. దాన్ని ముందు వైపు ఒక్క క్లాంపుతో బిగిస్తే చాలు, వెనక కొన ఖాళీగానే ఉంటుంది. డ్రైవ్ ఎత్తినప్పుడు శబ్దం కొంచెం పెరుగుతుంది, అంతకుమించి నష్టం లేదు.

విప్పడం

1. పడవ నీళ్ళ బయట, చదునైన నేల మీద ఉండాలి. బ్యాటరీ తీసేయండి, తాళంచెవి మీ జేబులో పెట్టుకోండి.

2. ఒకరు ప్రొపెల్లర్ తిప్పుతుండగా గేరును ఫార్వర్డ్‌లో వేయండి. ఆల్ఫా డ్రైవ్ ఫార్వర్డ్‌లో ఉంటేనే బెల్ హౌసింగ్‌లోని షిఫ్ట్ దవడలు డ్రైవ్‌ను వదులుతాయి. ఇది మరిచిపోయి లాగితే కేబుల్ కొన విరుగుతుంది.

3. డ్రైవ్ కింద స్టాండు పెట్టండి. డ్రైవ్‌ను ఎత్తి దించే ట్రిమ్ సిలిండర్ల వెనక కొనల్లో ప్లాస్టిక్ మూతలు, నట్లు, బుష్‌లు తీసి అడ్డంగా ఉన్న పిన్ను బయటికి లాగండి. సిలిండర్లను వాటి గొట్టాల మీద వేలాడనివ్వకండి, తాడుతో పైకి కట్టండి. బుష్‌లు, వాషర్లు ఏ వరసలో వచ్చాయో ఫోటో తీసుకోండి.

4. బెల్ హౌసింగ్ చుట్టూ ఉన్న ఆరు నట్లు వదులు చేయండి. కింది నాలుగు పూర్తిగా తీసి, పైన చెరో పక్క ఒక్కో నట్టు రెండు మూడు చుట్లు మిగల్చండి. డ్రైవ్ కదిలాక వాటిని తీసి నేరుగా వెనక్కి లాగండి. నలభై కిలోలు దాటే బరువు, పైగా పట్టు దొరకని ఆకారం. రాకపోతే చెక్క ముక్క అడ్డం పెట్టి తట్టండి. రెండు లోహాల మధ్య స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తితే గాస్కెట్ కూర్చునే ముఖం మీద గాటు పడుతుంది. రెండో తరంలో గేరు ఆయిల్ కొంత కారుతుంది, కింద గిన్నె పెట్టుకోండి.

5. ఇంజిన్ దగ్గరికి వెళ్ళండి. కింది కేబుల్‌ను షిఫ్ట్ ప్లేటు నుంచి విడదీసి, కొనలోని ఇత్తడి ముక్క స్క్రూలు వదులు చేసి తీగను విడిపించండి. తీసే ముందే కేబుల్ మీది ఇత్తడి బారెల్ మధ్య నుంచి కొన రంధ్రం మధ్య వరకు ఎంత దూరముందో కొలిచి రాసుకోండి.

6. వెనక్కి వచ్చి లోపలి తీగను బెల్ హౌసింగ్ వైపు నుంచి లాగేయండి. తీగ మీద ఎక్కడైనా ఒక పోగు తెగి ముల్లులా పొడుచుకు వచ్చిందేమో వేళ్ళతో కాకుండా గుడ్డతో పట్టి చూడండి. గేరు గరగరలాడడానికి కారణం తరచుగా ఆ ఒక్క పోగే.

7. గాడి సాకెట్‌తో కేబుల్ తొడుగు నట్టును బెల్ హౌసింగ్ నుంచి విప్పండి. రాకపోతే ఇప్పుడే బలం పెట్టకండి. హౌసింగ్ బయటికి వచ్చాక బల్ల మీద పని సులువు.

8. రెండు పక్కలా ఉన్న ట్రిమ్ సెన్సర్లకు ఎడమ, కుడి అని గుర్తు పెట్టి విప్పి పక్కన పెట్టండి. వాటి వైర్లు లోపలి దాకా పోతాయి, కోయకండి.

9. బెలోస్ ముందు వైపు క్లాంపులు, నీటి గొట్టం విప్పండి. పాత రబ్బరు ఎలాగూ పారేసేదే, కోసేసినా ఫరవాలేదు. కోసే బ్లేడు లోహపు అంచును గీయకుండా చూసుకోండి.

10. హింజ్ పిన్నులు రెండూ విప్పండి. వాటికి థ్రెడ్ లాక్ వేసి ఉంటుంది కాబట్టి మొండికేస్తాయి. కొంచెం వేడి చేసి, పొడవాటి రెంచితో నెమ్మదిగా తిప్పండి. వేడి చేసేముందు పడవలో పెట్రోలు ఆవిరి లేదని చూసుకోండి, మంట వాడకుండా హీట్ గన్‌తోనే చేయండి. వాషర్లు ఎక్కడ పడ్డాయో చూసుకోండి.

11. బెల్ హౌసింగ్ ఊడిపోయాక పాత కేబుల్ తొడుగును వెనక వైపు బయటికి లాగండి.

తెరిచి ఉండగానే చూడాల్సినవి

వేలు పెట్టి గింబల్ బేరింగ్ తిప్పండి. గరుకుగా, ఇసుక నలిగినట్టు తగిలితే మార్చండి. యూ-జాయింట్‌లను అన్ని వైపులకూ వంచి చూడండి, ఎక్కడైనా పట్టుకుని ఆగితే అదీ మార్చాలి. పాత యూ-జాయింట్ బెలోస్ లోపల నీళ్ళో తుప్పు బురదో ఉంటే బేరింగ్ బాగున్నట్టు కనిపించినా నమ్మకండి.

బెలోస్ కూర్చునే అంచులను పట్టిపట్టి శుభ్రం చేయాలి. పాత జిగురు తెల్లగా, పొరలు పొరలుగా గట్టిపడి ఉంటుంది. అంచు మీది గాడిలో గోరు పెట్టి చుట్టూ తిప్పండి. గోరు ఎక్కడా తట్టుకోకూడదు. లోహం మీద తెల్లటి పొడి, గుంతలు ఉంటే బ్రష్‌తో రుద్ది, చివర్లో ద్రావకంతో తుడవండి. గాడిలో మిగిలిన చిన్న జిగురు ముక్క దగ్గర కొత్త రబ్బరు లేచి నిలబడుతుంది, నీళ్ళకు ఆ సందే చాలు.

కొత్తవి ఎక్కించడం

12. ఎగ్జాస్ట్ బెలోస్‌ను లేదా ట్యూబ్‌ను ముందుగా గింబల్ హౌసింగ్‌కు, అంటే పడవ వెనక గోడకు బిగించి ఉన్న భాగానికి, తొడిగి బిగించండి. పాత బెలోస్‌లో లోహపు గ్రౌండ్ క్లిప్ ఉంటే కొత్తదానిలోనూ పెట్టండి. భాగాల మధ్య విద్యుత్ సంబంధం తెగకుండా, తుప్పు నుంచి రక్షణ అన్నిటికీ అందేలా చూసేది అదే.

13. యూ-జాయింట్ బెలోస్ బెల్ హౌసింగ్ వైపు కొనకు, హౌసింగ్ అంచుకు పలచగా జిగురు రాయండి. డబ్బా మీద రాసినంత సేపు, అంటే ఇంచుమించు పది నిమిషాలు, వేలికి అంటుకునీ అంటుకోనట్టు అయ్యేదాకా ఆగండి. తడిగా ఉండగా తొడిగితే జారుతుంది. లోపలి గట్టు గాడిలో పడేలా చుట్టూ నొక్కండి. కొన్ని హౌసింగులలో ఈ కొనకు బయట క్లాంపు ఉండదు, లోపలి నుంచి నొక్కి కూర్చోబెట్టే లోహపు రింగు ఉంటుంది. దాన్ని వంకరగా సుత్తితో కొట్టకండి, నేరుగా నొక్కే పనిముట్టుతోనే ఎక్కించండి.

14. కొత్త కేబుల్ మరలకు సీలెంట్ రాసి బెల్ హౌసింగ్‌లోకి ముందు చేత్తో తిప్పండి, మూడు నాలుగు చుట్లు సాఫీగా పోవాలి. తర్వాతే సాకెట్. ఆ తర్వాత నొక్కుడు క్లాంపు, కేబుల్ బెలోస్ కేబుల్ మీదికి ఎక్కించండి. బెలోస్ చిన్న కొన కేబుల్‌ను పట్టుకుంటుంది, పెద్ద కొన గింబల్ హౌసింగ్‌కు పోతుంది.

15. కేబుల్‌ను గింబల్ హౌసింగ్ రంధ్రం గుండా ఇంజిన్ వైపుకు పంపుతూ బెల్ హౌసింగ్‌ను దగ్గరికి తీసుకురండి. ఇక్కడ రెండో మనిషి తప్పనిసరి. ఒకరు హౌసింగ్ మోస్తుంటే ఇంకొకరు లోపల కేబుల్‌ను నెమ్మదిగా లాగాలి. కేబుల్‌కు ఎక్కడా మెలిక పడకూడదు. ఒకసారి నలిగిన తొడుగు మళ్ళీ నిటారైనట్టు కనిపించినా లోపల తీగను పట్టేస్తూనే ఉంటుంది.

16. హింజ్ పిన్నులకు థ్రెడ్ లాక్ రాసి, వాషర్లతో ఎక్కించి, 95 ఫుట్-పౌండ్లకు, అంటే 129 న్యూటన్ మీటర్లకు బిగించండి.

17. యూ-జాయింట్ బెలోస్ ముందు కొనను గింబల్ హౌసింగ్ అంచు మీదికి తొయ్యండి. బెల్ హౌసింగ్‌ను ఒక పక్కకు పూర్తిగా తిప్పితే చెయ్యి దూరుతుంది. కళ్ళకు కనిపించని చోటు కాబట్టి వేలే కన్ను. అంచు చుట్టూ వేలు తిప్పినప్పుడు ఒకే ఎత్తు తగలాలి. ఒక చోట బుగ్గలా ఉబ్బి ఉంటే గట్టు గాడిలో పడలేదన్నమాట, క్లాంపు బిగిస్తే సర్దుకుంటుందని అనుకోకండి. క్లాంపు స్క్రూ తర్వాత చేతికందే చోట ఉండాలి, పక్క బెలోస్‌కు రాసుకోకూడదు.

18. కేబుల్ బెలోస్ పెద్ద కొనను క్లాంపుతో, చిన్న కొనను నొక్కుడు క్లాంపుతో బిగించండి. బెలోస్ సహజమైన పొడవులో ఉండాలి, మెలి తిరిగో సాగిపోయో ఉండకూడదు. నీటి గొట్టం, ట్రిమ్ సెన్సర్లు తిరిగి పెట్టండి. ఎగ్జాస్ట్ బెలోస్ వేసుకుంటే దాని వెనక కొనకు జిగురు రాసి ఇప్పుడే బెల్ హౌసింగ్‌లోకి లాగి కూర్చోబెట్టండి.

19. డ్రైవ్ ఎక్కించే ముందు అలైన్‌మెంట్ బార్‌ను బేరింగ్ గుండా ఇంజిన్ కప్లర్‌లోకి తోసి చూడండి. రెండు వేళ్ళ బలంతో లోపలికి, బయటికి జారాలి. జారకపోతే ఇంజిన్ ముందు కాళ్ళ ఎత్తు సర్దండి. దీన్ని దాటేసినవాళ్ళు కొన్నాళ్ళకు కప్లర్ పళ్ళు అరిగిపోయి మళ్ళీ మొదటికి వస్తారు.

20. లోపలి తీగను బెల్ హౌసింగ్ నుంచి ఇంజిన్ వైపుకు పంపండి. ఇంజిన్ వైపు కొనలో తీగ ఇత్తడి ముక్క స్క్రూలను దాటి వెళ్ళిందని కంటితో చూశాకే స్క్రూలు బిగించండి. కేబుల్ ఇంజిన్ దగ్గర పెద్ద వంపుతో పోవాలి, వేడి ఎగ్జాస్ట్‌కు తగలకూడదు.

21. కొత్త ఓ-రింగులు, గాస్కెట్ వేసి, షాఫ్టు పళ్ళకు గ్రీజు రాయండి. డ్రైవ్, రిమోట్ లివర్ రెండూ ఫార్వర్డ్‌లోనే ఉండాలి. డ్రైవ్ మీది చిన్న షిఫ్ట్ లివర్ దవడల నోటికి ఎదురుగా రావాలి. నేరుగా ముందుకు తోస్తూ, పళ్ళు కలవకపోతే ప్రొపెల్లర్‌ను అపసవ్య దిశలో కొంచెం తిప్పండి. చివరి అంగుళాన్ని నట్లతో లాగకండి. చేత్తో తోసినప్పుడే కలిస్తే అంతా సరిగ్గా ఉన్నట్టు. నట్లను ఎదురెదురుగా, దశలవారీగా 50 ఫుట్-పౌండ్లకు, అంటే 68 న్యూటన్ మీటర్లకు బిగించండి. తర్వాత ట్రిమ్ సిలిండర్లు.

కేబుల్ సర్దుబాటు

కింది కేబుల్‌కు మొదటి కొలత 6 అంగుళాలు, అంటే 152 మిల్లీమీటర్లు. బారెల్ మధ్య నుంచి కొన రంధ్రం మధ్య వరకు. కొలిచేటప్పుడు గేరు ఏ స్థితిలో ఉండాలన్నది మీ డ్రైవ్ సర్వీస్ మాన్యువల్ చూసి పాటించండి. ఈ కొలత పెట్టాక పై కేబుల్‌ను కలపండి. కింది కేబుల్‌ను ఇక కదపకండి, ఫార్వర్డ్‌లోనూ రివర్స్‌లోనూ గేరు పూర్తిగా పడేదాకా పై కేబుల్ బారెల్‌నే తిప్పుతూ సర్దండి. రెండింటినీ ఒకేసారి తిప్పడం మొదలుపెడితే సాయంత్రమవుతుంది గానీ పని తెమలదు.

సరిగ్గా వచ్చిందో లేదో చూడటం

ఇంజిన్ ఆపి, బ్యాటరీ విడదీసి ఉండగానే పడవ వెనక నిలబడి ప్రొపెల్లర్ చేత్తో తిప్పుతూ గేర్లు మార్పించండి. మామూలు కుడి చేతి ప్రొపెల్లర్ అయితే న్యూట్రల్‌లో రెండు వైపులా తిరగాలి. ఫార్వర్డ్‌లో అపసవ్య దిశలో గట్టిగా ఆగాలి, సవ్య దిశలో టకటకమంటూ జారుతుంది. రివర్స్‌లో సవ్య దిశలో ఆగాలి. ఒక గేరులో ఆగి రెండో గేరులో ఆగకపోతే పై కేబుల్ ఇంకా సర్దాలి.

షిఫ్ట్ ప్లేటు మీద వి ఆకారపు గాడి, దానిలో స్విచ్ రోలర్ కనిపిస్తాయి. గేరు పూర్తిగా పడ్డాక రోలర్ గాడి నడుమకు వచ్చి నిలవాలి. పక్కకు ఒరిగి ఉంటే ఎక్కడో కేబుల్ లాగుతోంది. స్విచ్ వైరు పీకేసి నడుపుకునేవాళ్ళున్నారు. ఇంజిన్ ఆగడం ఆగుతుంది, కానీ గేరు పళ్ళ అంచులు చిప్పలు చిప్పలుగా రాలతాయి. నేను మాత్రం ఆ పని చేయమని ఎవరికీ చెప్పను.

తర్వాత డ్రైవ్‌ను పూర్తిగా కిందికి, పైకి, ఎడమకు, కుడికి తిప్పి నాలుగు మూలల్లోనూ బెలోస్ చూడండి. ఎక్కడా నలగకూడదు, ఒకదాన్నొకటి రుద్దుకోకూడదు. గేరు ఆయిల్ మట్టం చూసి నింపండి. పడవ నీళ్ళ బయట ఉన్నప్పుడు డ్రైవ్‌కు నీళ్ళందించే గొట్టం తగిలించకుండా ఇంజిన్ ఎప్పుడూ స్టార్ట్ చేయకండి. స్టార్ట్ చేసేముందు ప్రొపెల్లర్ దగ్గర ఎవరూ లేకుండా చూసుకోండి.

మొదటిసారి నీళ్ళలో దించినప్పుడు ట్రైలర్ కట్లు విప్పకుండానే ఇంజిన్ మూత తీసి టార్చితో వెనక గోడ లోపల చూడండి. ముందుగానే పొడి గుడ్డతో తుడిచి ఉంచితే ఒక్క చుక్క దిగినా తెలుస్తుంది. గింబల్ బేరింగ్ కింద తడి కనిపిస్తే యూ-జాయింట్ బెలోస్ సరిగ్గా కూర్చోలేదు. షిఫ్ట్ కేబుల్ రంధ్రం దగ్గర కారితే కేబుల్ బెలోస్ చూడండి. రంధ్రం చుట్టూ పొడిగా ఉండి, కేబుల్ కొనలోంచే చుక్కలు పడుతుంటే నీళ్ళు తొడుగు లోపలి నుంచి వస్తున్నాయి. అది బెల్ హౌసింగ్ మరల దగ్గర సీలెంట్ లోపమో, తొడుగు పగులో అయి ఉంటుంది. బెలోస్ కొత్తది కదా అని ఈ చివరిదాన్ని ఎవరూ అనుమానించరు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

బెలోస్ తేలిగ్గా ఎక్కాలని అంచుకు గ్రీజో సబ్బో రాయడం అన్నిటికన్నా సాధారణం. జిగురు పట్టాల్సిన చోట గ్రీజు పడితే కొన్ని గంటల ప్రయాణానికే కొన జారుతుంది. జిగురు బదులు సిలికాన్ సీలెంట్ వాడటమూ అంతే, ఆరేలోపు అది కందెనలా పనిచేసి రబ్బరును పక్కకు జరుపుతుంది. పాత క్లాంపులే మళ్ళీ వేయడం ఇంకొకటి. పైకి మెరుస్తున్నా స్క్రూ గాడిలో తుప్పు దాగి ఉంటుంది. మరీ బిగించడం కూడా తప్పే, క్లాంపు అంచు రబ్బరును కోసేస్తుంది.

బెలోస్ వయసు గురించి అందరూ అడిగేదే కాబట్టి చెబుతున్నాను. ఏడాదికోసారి డ్రైవ్ పూర్తిగా ఎత్తి ముడతల లోతు వరకు చూడండి. పగుళ్ళు ముందు ముడతల అడుగున వస్తాయి, పైపైన చూస్తే కనిపించవు. పడవ వాడకుండా ఉంచేటప్పుడు డ్రైవ్‌ను కిందికే దించి ఉంచండి. ఎత్తి ఉంచితే నెలల తరబడి రబ్బరు ఒక పక్క సాగి, ఒక పక్క నలిగి ఉంటుంది.